బస్తాలో బూజును పట్టగలరా?

ఇంజక్షన్ వేయించినా గేదె చూలు కట్టలేదు. మళ్లీ తిరగపొర్లింది. అలా జరిగిన ప్రతిసారీ రైతుకు మూడు వారాలు వృథా. మేత ఖర్చు మాత్రం ఆగదు. ఖనిజ లవణాల లోపమా, గర్భాశయంలో ఇన్‌ఫెక్షనా, ఎదను సరిగా గుర్తించలేదా అని ఆరా తీస్తారు. దాణాకు బూజు పట్టిందేమో చూశారా? ఈ ప్రశ్న వేయడం, జవాబు రాబట్టడం తెలిసినవాళ్లు దాణా పరిశ్రమకు కావాలి. బీఎస్సీ, ఎమ్మెస్సీ, బీవీఎస్సీ చదువుతున్నారా? అయితే ఇది మీ కోసమే.

ఏమిటీ విషాలు?

1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయాయి. ఆరా తీస్తే కారణం వేరుసెనగ చెక్కలోని బూజు అని తేలింది. అఫ్లాటాక్సిన్ అలా బయటపడింది. ఇది ముందుగా కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మొక్కజొన్నపై పెరిగే ఫ్యుజేరియం బూజు వదిలే జెరలెనోన్ దారి వేరు. శరీరంలోకి వెళ్లి ఈస్ట్రోజెన్ హార్మోన్‌లా పనిచేస్తుంది. దాంతో ఆడ పందుల్లో ఎద కాకుండానే ఎద లక్షణాలు కనిపిస్తాయి, చూలు నిలవదు. కోళ్లు దీన్ని చాలావరకు తట్టుకుంటాయి.

పసుపు కలిపితే చాలా?

ఇలాంటి విషాలు కణాల్లో ఆక్సీకరణ ఒత్తిడిని పెంచుతాయి. శుక్రకణాల పొరలో అసంతృప్త కొవ్వులు ఎక్కువ కాబట్టి అవి త్వరగా దెబ్బతింటాయి. పసుపులోని కర్‌క్యుమిన్, గ్రీన్ టీలోని పాలీఫినాల్స్ వంటి యాంటీఆక్సిడెంట్లు ఈ నష్టాన్ని తగ్గించగలవని జంతువులపై ప్రయోగాల్లో కనిపించింది. అయితే కర్‌క్యుమిన్ ఒంటికి పట్టేది తక్కువే. పైగా ఇవి నష్టాన్ని తగ్గించొచ్చేమో గానీ, దాణాలోని విషాన్ని తీసేయవు. గింజను బాగా ఆరబెట్టి, తేమ తగలకుండా నిల్వచేయడమే మొదటి మందు.

మీరేం నేర్చుకోవాలి?

కెమిస్ట్రీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ వాళ్లు దాణా మిల్లులు, డెయిరీలు, టెస్టింగ్ ల్యాబ్‌లలో క్వాలిటీ కంట్రోల్ వైపు ప్రయత్నించొచ్చు. ఎలీసా, హెచ్‌పీఎల్‌సీ పరీక్షలు చేత్తో చేసి ఉంటే మంచిది. బీవీఎస్సీ వాళ్లకు పశుపోషణ సలహాదారు కొలువులున్నాయి. పరిశోధన ఇష్టమైతే పటాన్‌చెరులోని ఇక్రిశాట్, రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం, తిరుపతి, హైదరాబాద్ వెటర్నరీ యూనివర్సిటీల వెబ్‌సైట్లలో ప్రాజెక్టు ప్రకటనలు గమనిస్తుండండి.

ఒక్క మాట గుర్తుంచుకోండి. బూజు లోడంతా సమానంగా పట్టదు. ‘రిపోర్టులో టాక్సిన్ లేదు, లారీ దించుకోవచ్చా?’ అని ఇంటర్వ్యూలో అడిగితే వెంటనే సరే అనకండి. శాంపిల్ ఎన్ని బస్తాల నుంచి తీశారో అడగండి.