యానాం మనతోపాటే స్వతంత్రమైందా?

పి.గన్నవరం నుంచి అమలాపురం, ముమ్మిడివరం మీదుగా ఎదుర్లంక చేరి, గౌతమి మీది బాలయోగి వారధి దాటితే యానాం. అక్కడా ఇదే మాట, ఇదే తిండి. అందుకే ఆ ఊరికీ 1947 ఆగస్టు 15నే స్వాతంత్ర్యం వచ్చిందని కోనసీమలో చాలామంది అనుకుంటారు. రాలేదు. అప్పటికి అది ఫ్రాన్స్ ఏలుబడిలో ఉంది.

రెండో ప్రపంచయుద్ధంలో పారిస్ పడిపోయాక యానాంతో కూడిన ఫ్రెంచి ఇండియా జర్మనీకి తలొగ్గిన విషీ ప్రభుత్వంతో పోయిందన్నది మరో అపోహ. 1940 సెప్టెంబరులో గవర్నర్ బోన్విన్ విషీని ఎదిరించిన ద గోల్ పక్షం వహించారు. చుట్టూ బ్రిటిష్ నేల ఉండగా ఇంకో దారి మాత్రం ఏముంది?

అపోహ: ఫ్రెంచివాళ్లు మర్యాదగా అప్పగించి వెళ్లారు.

వాస్తవం: 1954 మే 7న వియత్నాంలోని దియెన్ బియెన్ ఫూలో ఫ్రెంచి సేన లొంగిపోయింది. జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచనవాదులు యానాం పాలనను చేతుల్లోకి తీసుకున్నారు. జులైలో వియత్నాం యుద్ధం ఆపిన జెనీవా ఒప్పందం, అక్టోబరు 21న ఢిల్లీతో ఒప్పందం, నవంబరు 1న పాలన అప్పగింత. ఆసియాలో యుద్ధం ఓడినవాళ్లకు గోదావరి ఒడ్డున పంతం పట్టే ఓపిక ఎక్కడిది!

అపోహ: యానాం జనం ఓటేసి భారత్‌లో కలిశారు.

వాస్తవం: ప్రజలే నేరుగా ఓటేసింది మరో ఫ్రెంచి స్థావరమైన చందర్‌నగర్‌లో, 1949లో. స్థానికుల సమ్మతి లేనిదే భూభాగం వదులుకోరాదని 1946 నాటి ఫ్రెంచి రాజ్యాంగం చెప్పింది. ఆ సమ్మతి కోసం 1954 అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఎన్నికైన ప్రతినిధులు సమావేశమయ్యారు. 178 మందిలో 170 మంది విలీనానికి సరేనన్నారు. విడిగా దేశం కావాలా అన్న ప్రశ్నే అక్కడ లేదు.

అంతటితో అయిపోయిందనుకుంటే పొరపాటే. 1956 మే 28న సంతకాలైన ఒడంబడికను ఫ్రెంచి పార్లమెంటు ఆమోదించేసరికి 1962 వచ్చింది. అల్జీరియా యుద్ధం సాగినంత కాలం ఆ కాగితం కదల్లేదు. పాలన ఢిల్లీది, చట్టరీత్యా హక్కు పారిస్‌ది: దాదాపు ఎనిమిదేళ్లు ఇదే వింత. 1962 ఆగస్టు 16న అదీ తీరింది. కావాలన్నవారు ఆరు నెలల్లోగా ఫ్రెంచి పౌరసత్వం కోరుకునే వీలు కల్పించారు.

నవంబరు 1 ఇటు ఆంధ్రప్రదేశ్ అవతరణ దినం, అటు యానాంకు విమోచన దినం. యానాంలో ఆఫీసు పని ఉంటే ఆగస్టు 16న మాత్రం పెట్టుకోకండి, అక్కడ ఆ రోజు సెలవు.