వీడియోలో వంగిన అంచు

ఒడిశాలో మన బరంపురం పట్టుచీరకు ప్రాణము దాని అంచు. కుంభములు వరుస తప్పితే ఆ చీర తిరిగి వచ్చినట్లే. అటువంటి చీరను గురించి నిరుడు ఒక వర్తకుడు, “అంచు అలలు పోయినది, నేత సరిగా లేదు” అని మా సంఘమునకు వ్రాసినాడు. మేము నిర్ఘాంతపోయినాము. చీర మా బీరువాలోనే ఉన్నది. తీసి, పరచి, గజముబద్ద పెట్టి చూచినాము. అంచు తిన్నగా ఉన్నది. ఆయన చూచినది చీరను కాదు, మేము పంపిన వీడియోను. ఆ చీర నేసిన పెద్దాయన ఉత్తరము చదివించుకొని రెండు రోజులు మగ్గములోకి దిగలేదు. తప్పు ఆయనది కాదు, మాది.

గుంటమగ్గము పక్కన నిలుచుటకు మూరెడు చోటు ఉండును. మా గుమాస్తా సెల్‌ఫోను చేతపట్టుకొని వంగి తీసినాడు. బొమ్మ అదిరినది. కంప్యూటరులో ఎడిటింగు చేయునప్పుడు అదురు తగ్గించే సాధనము నొక్కినాము. అదురు పోయినదని సంతోషించి, మరల చూడకనే పంపినాము.

ఈ సాధనము చేయు పని ఇది. వీడియో అనగా సెకనుకు 25 లేక 30 బొమ్మల వరుస గదా. కంప్యూటరు ఒక బొమ్మలో గుర్తుపట్టదగిన చుక్కలను, అనగా కుంభపు మొన, మగ్గపు కొయ్య మూల వంటివాటిని ఎంచుకొని, తరువాతి బొమ్మలో అవి ఎటు జరిగినవో కొలుచును. దానినిబట్టి కెమెరా కదలిన దారిని లెక్కగట్టి, ప్రతి బొమ్మను ఎదురుదిక్కుకు జరుపును. జరిపిన చోట ఖాళీ ఏర్పడును. అది కనబడకుండ బొమ్మను పెద్దదిచేసి చుట్టూ కత్తిరించును. 1920 చుక్కల వెడల్పు గల బొమ్మను నూటికి పది చొప్పున పెంచితే మిగులునది సుమారు 1745 చుక్కలే. చీర అంచు ఆ పోయిన చోట ఉంటే కుంభములు కత్తెరపాలే.

ఇక అలలు ఎట్లు వచ్చినవి? మేము వాడినది అడోబీ ప్రీమియర్‌లోని వార్ప్ స్టెబిలైజరు. 2011లో ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో వచ్చి, మరుసటి ఏట ప్రీమియర్‌లో చేరినది. ఇంగ్లీషున వార్ప్ అంటే పడుగు గనుక పేరు చూచి మా కుర్రవాళ్లు మురిసినారు గాని, ఇక్కడ ఆ మాటకు వంచుట అని అర్థము. మనము ఏమీ మార్చకున్న అది సబ్‌స్పేస్ వార్ప్ అను పద్ధతిని పట్టును. బొమ్మలో ఒక్కొక్క భాగమును ఒక్కొక్క తీరున లాగి సరిచేయును. చెట్లూ కొండలూ అయితే కంటికి ఆనదు. తిన్నని జరీ గీత అయితే దాగదు. పైగా మగ్గము మీద అచ్చు ముందుకు వెనుకకు ఊగుచుండును. సాధనము పొరపాటున అచ్చుమీది చుక్కలను పట్టుకొంటే, అచ్చు నిలిచి చీర ఊగినట్లు కనబడును! మా వీడియోలో అదియును జరిగినది.

పద్ధతిని పొజిషన్ అనుదానికి మార్చినాము. అప్పుడు బొమ్మ మొత్తము ఒక్కటిగా జరుగును, వంగదు. స్మూత్‌నెస్ 50 మీద ఉండగా 10కి దించినాము. కొంత అదురు మిగిలినది, కత్తిరింపు తగ్గినది. సొమ్ము పెట్టలేని సంఘములకు డావిన్సీ రిజాల్వ్ ఉచిత కూర్పులోనూ ఇట్టి సాధనము కలదు. అందు ట్రాన్స్‌లేషన్ అను పద్ధతి మన పనికి చాలును.

కాని గుంట చీకటిగా ఉంటే ఏ సాధనమూ ఆదుకోదు. వెలుతురు చాలనప్పుడు ఫోను ఒక్కొక్క బొమ్మకు ఎక్కువ సేపు తీసుకొనును. ఆ సేపటిలో చేయి కదలితే బొమ్మ అలుక్కుపోవును. జరిపి నిలిపినా అలుకు పోదు. కాబట్టి ముందు కిటికీ తెరవవలెను. వీలైతే 3840 చుక్కల వెడల్పున తీసి 1920కి దించవలెను, కత్తిరింపుకు చోటుండును. అంచుకు అవతల జానెడు జాగా వదలవలెను. ఫోనును మాత్రము మగ్గపు కొయ్యకు కట్టరాదు, అచ్చు దెబ్బకు అదియును అదరును. మేము కట్టి చూచి చెప్పుచున్నాము.

కిటికీ తెరచి, అదే చీరను స్టూలు మీద ఫోను ఆనించి మరల తీసినాము. ముందుగా పెద్దాయనకు చూపినాము. అంచు వచ్చు చోట ఆపించి, ఫోనును దగ్గరగా పట్టుకొని కుంభములు లెక్కపెట్టుకొన్నాడు. అటుపిమ్మట వర్తకునికి వీడియోతోపాటు చీరను కూడ పార్సిలు చేసినాము. రాకపోకల ఖర్చు సంఘమే భరించినది.