బలసాధనలో శిక్షకుని స్థానము

బరువులెత్తు వ్యాయామము మల్లయోధులకే తగునను భావము మన సంఘమున చిరకాలముగా నాటుకొనియున్నది. తాలింఖానాలో వస్తాదు చెంత దండీలు, బస్కీలు అభ్యసించినవారు కొందరే. తక్కినవారికి పొలముపనియే వ్యాయామము. నేడు అనేకులు దినమంతయు కూర్చుండి పనిచేయుచున్నారు. వయోజనులెల్లరును వారమునకు కనీసము రెండు దినములు ముఖ్యమైన కండరములన్నింటికిని బలమొసగు వ్యాయామము చేయవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించినది. 65 ఏండ్లు నిండినవారు పడిపోకుండుటకై వారమునకు మూడు దినములైనను శరీరమునకు నిలుకడను, బలమును ఇచ్చు అభ్యాసములు చేయవలెను.

శిక్షకుడు మొదట బరువును చేతికీయడు, ప్రశ్నించును. రక్తపుపోటు కలదా? పూర్వము నడుమునకు గాని మోకాలికి గాని దెబ్బ తగిలినదా? ఊపిరి బిగబట్టి బరువెత్తినచో రక్తపుపోటు హఠాత్తుగా పెరుగును గనుక, హృద్రోగులును రక్తపుపోటు గలవారును ముందుగా వైద్యుని సంప్రదింపవలెను. పిమ్మట గమ్యము నిర్ణయింపవలెను. "బలము కావలెను" అనుట గమ్యము కాదు. 25 కిలోల బియ్యపు సంచిని నడుము నొవ్వకుండ ఎత్తి గడప దాటించుట గమ్యము. చేతి ఆసరా లేక నేలపైనుండి లేచుట గమ్యము.

మొదటి వారములలో బలము త్వరగా పెరుగును. ఇది కండరము లావెక్కుటచేత గాదు. ఉన్న కండరమును ఒక్కుమ్మడిగా పనికి పురికొల్పుట నాడీమండలము నేర్చుకొనుటచేతనే. మొన్న కదలని బరువు నేడు లేచుచుండగా అభ్యాసకునికి ఉత్సాహము పొంగును. కాని కండరమును ఎముకకు బంధించు తంతువులు అంత వేగముగా గట్టిపడవు. శిక్షకుని అక్కర మిక్కిలిగా నుండునది ఇచ్చటనే. "ఇంకొక్కసారి" యని పురికొల్పువారు ప్రతి వ్యాయామశాలలోను దొరకుదురు. "నేటికి చాలు" ననగలవారు అరుదు.

పది పండ్రెండు పర్యాయములు భంగిమ చెడకుండ ఎత్తగల బరువుతో ప్రారంభించుట మేలు. నిర్ణయించిన సంఖ్యకు మించి ఒకటి రెండు పర్యాయములు సునాయాసముగా ఎత్తగలిగిన పిమ్మట నూటికి రెండు మొదలు పది వంతుల వరకు బరువు పెంచవచ్చును. అనగా 20 కిలోలెత్తువారికి రెండు కిలోలకు మించరాదు. ఒకే కండరమునకు రెండు అభ్యాసముల నడుమ సుమారు 48 గంటల విశ్రాంతి యీయవలెను. తేదీ, బరువు, పర్యాయముల సంఖ్య పుస్తకమున వ్రాయని శిక్షకుని లెక్క నమ్మదగినది కాదు.

తరువాతి బరువెంత అను ప్రశ్న మహాయోధులకును తప్పదు. శ్రీకాకుళము జిల్లాకు చెందిన శ్రీమతి కరణం మల్లేశ్వరి బాల్యమున నీలంశెట్టి అప్పన్న వద్ద శిక్షణ పొందిరి. 2000 సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 110, 130 కిలోలు, వెరసి 240 కిలోలెత్తి కాంస్యపతకము గడించిరి. ఒలింపిక్ పతకము పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. స్వర్ణ, రజత పతకములు పొందినవారు ఎత్తినది 242.5 కిలోలు. చివరి యత్నమున ఆమె 137.5 కిలోలకు పూనుకొనిరి, అది లేవలేదు.

ఆహార విషయమున పప్పు, పాలు, గ్రుడ్లు, చేపలు సామాన్యులకు చాలును. మాంసకృత్తుల పొడులు వాడవలదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనలలో తెలిపినది. శిక్షకుడే వానిని విక్రయించుచున్నచో ఆతని సలహాను కొంత తగ్గించి వినుట మంచిది. కండలకని సూదిమందు చూపువానిని వెంటనే విడువవలెను. అభ్యాసము పిమ్మట కండరములు మిక్కిలి వాచి, మూత్రము ముదురు గోధుమవర్ణమున వెడలినచో కండరము చితికి మూత్రపిండములకు ముప్పు కలిగినదని అనుమానించి, ఆ దినముననే ఆసుపత్రికి పోవలెను.