పెట్రోలూ మరుగుతుంది!

సిటీవెస్ట్‌లో కూర్చుని వేడెక్కిన పెట్రోలు గురించి రాయడమేమిటని నవ్వుకోకండి. ఇక్కడ ఎండ కాస్తే పండగే. 2022 జూలై 18న డబ్లిన్ ఫీనిక్స్ పార్కులో 33 డిగ్రీలు నమోదైతే అందరం ఉక్కిరిబిక్కిరి అయిపోయాం. మన ఖమ్మంలోనో, రెంటచింతలలోనో అది మార్చి నెల ఎండ! కానీ సెలవులకి పిల్లల్ని తీసుకుని మనం వెళ్ళేది అక్కడికే కదా. తమ్ముళ్ళూ, మరుదులూ "పదండి, బైకుల మీద అడవి చూసొద్దాం" అంటారు. మనలో బండి నడిపేవాళ్ళూ తక్కువేం లేరు. అందుకని ఈ సంగతి మనకీ తెలిసి ఉండాలి.

పోయిన మే నెలలో మా తమ్ముడు మారేడుమిల్లి వైపు నుంచి వీడియో కాల్ చేశాడు. స్నేహితులతో కలిసి పాత కార్బురేటర్ బైకుల మీద ఒక రాళ్ళ బాటలో గంటసేపు ఫస్టు గేరులోనే ఎక్కారట. టీ కోసం పది నిమిషాలు ఆగాక ఒక బండి ఎంతకీ స్టార్టవలేదు. "కిక్కులు కొట్టి కాళ్ళు పడిపోయాయి అక్కా. ట్యాంకులో పెట్రోలుంది, ప్లగ్గులో స్పార్కూ వస్తోంది" అన్నాడు. వాడి వెనకాల ఒకబ్బాయి ట్యాంకు మూత తిప్పుతూ కనిపించాడు. నాకు గుండె ఆగినంత పనైంది. "ఒరేయ్, ముందు ఆ మూత వదిలెయ్యమను!" అని అరిచాను. నలభై నిమిషాలు చెట్టు నీడలో ఉంచాక అదే బండి రెండో కిక్కుకే స్టార్టయింది.

దీన్నే వేపర్ లాక్ అంటారు. నీళ్ళు వంద డిగ్రీల దగ్గర మరుగుతాయి. పెట్రోలు అలా కాదు. అది ఎన్నో హైడ్రోకార్బన్ల కలగలుపు. వాటిలో తేలికైనవి 35, 40 డిగ్రీలకే మరగడం మొదలుపెడతాయి, బరువైనవి 200 డిగ్రీల దాకా ఆగుతాయి. ఇంట్లో నీళ్ళ మోటారుకి గాలి పడితే మోటారు తిరుగుతున్నా నీళ్ళు పైకి ఎక్కవు కదా? పెట్రోలు పైపులో ఆవిరి బుడగలు చేరినా అంతే. ట్యాంకు నిండా ఉన్నా ఇంజనుకి చుక్క అందదు.

మరి నడుస్తున్న బండి ఆపాకే ఎందుకు మొరాయించింది? పొయ్యి కట్టేసినా ఇనప పెనం చాలాసేపు కాలుతూనే ఉంటుంది. ఇంజనూ అంతే. బండి కదులుతున్నప్పుడు తగిలే గాలి, ఆపగానే ఉండదు. ఇంజనులో మిగిలిన వేడంతా పక్కనే ఉన్న కార్బురేటరుకీ, పైపుకీ ఎక్కుతుంది. అడవి బాటల్లో నెమ్మదిగా ఎక్కేటప్పుడైతే కదులుతున్నా గాలి అంతంతమాత్రమే. అందుకే హైవే మీద రాని తంటా అక్కడ వస్తుంది.

ఎత్తు కూడా ఒక కారణం. కుక్కర్లో పీడనం పెరిగితే నీళ్ళు ఆలస్యంగా మరుగుతాయి. కొండ మీద గాలి పీడనం తక్కువ కాబట్టి దానికి తిరగబడుతుంది. లడఖ్‌లోని ఖర్దుంగ్ లా 5,300 మీటర్ల పైన ఉంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు సగమే. అంత ఎత్తులో పెట్రోలు సుమారు 38 డిగ్రీలకి చేరినా మరిగిపోవచ్చు. చుట్టూ మంచున్నా సరే, ఇంజను వేడి చాలు.

మన ఐర్లండ్‌లోనూ దీనికి అవకాశం లేకపోలేదు. 2023 జూలై నుంచి ఇక్కడ ఈ-10 పెట్రోలు వచ్చింది. ఇథనాల్ కొద్దిపాళ్ళలో కలిస్తే పెట్రోలు మరింత సులువుగా ఆవిరవుతుంది. పైగా చలికాలంలో అమ్మే పెట్రోలుని, ఇంజను తేలిగ్గా స్టార్టవాలని ఇంకా త్వరగా ఆవిరయ్యేలా తయారుచేస్తారు. షెడ్డులో ఆ పెట్రోలుతోనే ఉండిపోయిన బైకుని ఎండ రోజున విక్లో కొండలకి తీస్తే ఇబ్బంది రావొచ్చు.

ఇక బండి ఆగినప్పుడు ఏం చెయ్యాలి? ఇంజను ఆపి, నీడకి తోసి, అరగంటకి పైగా ఆగాలి. పెట్రోలు పైపు మీదా, కార్బురేటరు మీదా తడిగుడ్డ చుడితే త్వరగా చల్లబడుతుంది. కూజాలో నీళ్ళు చల్లబడే సూత్రమే ఇది. కాలిపోతున్న ఇంజను మీద మాత్రం నీళ్ళు గుమ్మరించొద్దు, లోహం పగిలే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా ముఖ్యం, వేడిగా ఉన్న ట్యాంకు మూత తియ్యకూడదు. లోపల ఆవిరి ఒత్తిడితో ఉంటుంది. మూత తీయగానే పెట్రోలు ఎగజిమ్మి కాలుతున్న సైలెన్సరు మీద పడొచ్చు. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీదే పాకుతుంది. కాస్త దూరంలో ఉన్న సిగరెట్టు చాలు అంటుకోవడానికి.

బండి పూర్తిగా చల్లారాక మూత నెమ్మదిగా తియ్యండి. 'సుయ్'మని గాలి లోపలికి పీల్చుకుంటే ట్యాంకు గాలి రంధ్రం మట్టితో మూసుకుపోయిందని అర్థం. దాన్ని శుభ్రం చేయించాలి. పైపు ఇంజనుకి ఆనుకోకుండా చూడటం, ట్యాంకు అడుగున వేడిని తిప్పికొట్టే టేపు అంటించడం, రేడియేటరు ఉంటే దాని బురద కడగడం కూడా పనికొస్తాయి.

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక మన దేశంలో కొత్త బైకులు ఎక్కువగా ఇంజెక్షన్‌వే. వాటిలో పంపు పెట్రోలుని ఒత్తిడితో పంపుతుంది కాబట్టి ఈ బాధ తక్కువ. కానీ ట్యాంకులో పెట్రోలు అడుగంటితే ఆ కొంచెం త్వరగా వేడెక్కుతుంది, పంపే బుడగల్ని లాగుతుంది. అడవి బాటకి వెళ్ళేముందు తగినంత పోయించుకోవాలి.

"వేసవిలో ఫుల్ ట్యాంకు చేయిస్తే పేలుతుంది" అని వాట్సాప్‌లో తిరిగే మాట నమ్మకండి. కంపెనీ చెప్పిన గరిష్ఠ పరిమితి దాకా ఏ కాలంలోనైనా పోయించుకోవచ్చని ఇండియన్ ఆయిల్ సంస్థే చెప్పింది. ఆ గీత దాటి మూత అంచు దాకా మాత్రం వద్దు. 15 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే పావు లీటరుకి పైగా పెరుగుతుంది, దానికి చోటుండాలి.

బండి చల్లారేదాకా ఆగాలంటే మనుషులకీ నీడ, నీళ్ళు కావాలి. వేసవిలో అడవి దారిన బైకు మీద బయల్దేరే ప్రతి ఒక్కరి సంచిలో రెండు లీటర్ల నీళ్ళు, రెండు ఓఆర్ఎస్ ప్యాకెట్లు, ఒక పాత కాటన్ తువ్వాలు పెట్టండి. ఆ తువ్వాలు బండికీ పనికొస్తుంది, తలకీ పనికొస్తుంది.