పైకి కానరాని గాయం

భద్రాచలం అడవి దారిలో బండి జారి తలకు దెబ్బ తగిలిన బిడ్డ లేచి నడిస్తే, గండం గడిచిందని అనుకుంటాము. కాని ఆ తరువాత గంటల తరబడి, రోజుల తరబడి కూడా మెదడులో సూపరాక్సైడ్, పెరాక్సీనైట్రైట్ వంటి తీవ్ర అణువులు మితిమీరి పుట్టి, బ్రతికిన కణాలనూ దెబ్బతీస్తాయి. అవి ఎక్కువసేపు నిలువవు. వాటిని తాకగానే వెలిగే రసాయనాలతో శాస్త్రజ్ఞులు ఎలుకల మెదళ్ళలో ఈ రెండవ గాయాన్ని చూస్తున్నారు. మనిషి మందపాటి పుర్రె ఆ వెలుగును బయటికి రానివ్వదు గనుక, ఆసుపత్రిలో నేటికీ రక్తస్రావాన్ని చూపే సి.టి. స్కానే ఆధారం.

అందుచేత మేము కోరేది ఒక్కటే. వాంతులు, మగత, మాట తడబాటు కనబడితే తెల్లవారేదాకా ఆగక 108కు ఫోన్ చేయండి. భద్రాచలం నుండి ఖమ్మం వంద కిలోమీటర్లకు పైమాటే. దుఆ చేయండి, వైద్యమూ చేయించండి. ఒంటెను కట్టివేసిన తరువాతనే తవక్కుల్ అని దైవప్రవక్త (స) మనకు నేర్పారు.