తేనీరు: మరిగించడమా? నానబెట్టడమా?

ఉదయం నిద్ర లేచిన వెంటనే గొంతులో తేనీరు పడనిదే దినచర్య మొదలుకాని ఇళ్ళు మనలో కోకొల్లలు. మా ఇల్లూ అందుకు మినహాయింపు కాదు. చాలాకాలం కళాశాలలో రసాయనశాస్త్రం బోధించిన నేను, మా వంటింట్లో రోజుకు నాలుగుసార్లు జరిగే ఈ రసాయన ప్రక్రియను ఏనాడూ పరిశీలించి చూడలేదని చెప్పుకోవడానికి సిగ్గుపడుతున్నాను. నా కళ్ళు తెరిపించినది మా శ్రీమతి అనారోగ్యం.

రెండేళ్ళ క్రితం ఆమెకు నీరసం, మెట్లెక్కితే ఆయాసం, తలతిరుగుడు మొదలైనవి. రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.4 గ్రాములు మాత్రమే ఉన్నట్లు తేలింది. స్త్రీలకు అది కనీసం 12 ఉండవలెను. లోపల ఎక్కడైనా రక్తస్రావం జరుగుతున్నదేమోనని వైద్యురాలు ఇతర పరీక్షలు కూడ చేయించి, అటువంటిదేమీ లేదని నిర్ధారించుకొని, ఇనుము మాత్రలు వ్రాసి ఇచ్చారు. మూడు నెలలు తప్పకుండా వాడిన తరువాత మళ్ళీ పరీక్షిస్తే 8.9! అప్పుడు వైద్యురాలు ఒక ప్రశ్న వేశారు.

"అమ్మా! మాత్ర ఏ వేళకు వేసుకుంటున్నారు? దేనితో మింగుతున్నారు?"

"టిఫిను కాగానే టీతో మింగుతానండీ. మంచినీళ్ళతో అయితే వికారంగా ఉంటుంది" అన్నది మా శ్రీమతి.

వైద్యురాలు నా వైపు చూశారు. రసాయనశాస్త్రం చదువుకున్న నేను తల దించుకున్నాను. టానిన్ల ద్రావణంలో ఇనుప లవణం వేస్తే నల్లని సిరా తయారవుతుందని ఎన్ని తరగతులకు చెప్పి ఉంటానో లెక్కలేదు. అదే పని మా ఇంట్లో, ఆమె కడుపులో, ప్రతిదినం జరుగుతున్నది!

తప్పు ఆకుదా? మనదా?

తేయాకులో పాలీఫినాల్స్ అనే పదార్థాలు పుష్కలంగా ఉంటాయి. వాడుకలో మనం టానిన్లు అనేవి ఇవే. పచ్చి అరటికాయ, నేరేడుపండు, కరక్కాయ నాలుక మీద పెట్టినప్పుడు నోరు పట్టేసినట్లు ఉంటుంది కదా! ఆ వగరుకు కారణం ఇవే. ఇవి లాలాజలంలోని మాంసకృత్తులను పట్టుకొంటాయి. అలాగే ఆహారంలోని ఇనుమునూ పట్టుకొని, ప్రేగులు దానిని గ్రహించకుండా అడ్డుపడతాయి. పప్పులు, ఆకుకూరలు, ధాన్యాల ద్వారా లభించే ఇనుము మీద ఈ ప్రభావం మరీ ఎక్కువ. భోజనంతోపాటు తేనీరు త్రాగితే ఈ ఇనుము ఒంటికి పట్టడం సగానికి మించి తగ్గిపోవచ్చు. శాకాహార కుటుంబాలకు ఇది చిన్న విషయం కాదు. పాలు కలుపుతున్నాము కనుక ఫరవాలేదనుకోరాదు. పాలలోని కాల్షియం కూడ ఇనుముకు అడ్డే. గ్రీన్ టీకి సైతం ఈ దోషం ఉన్నది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలు, భోజనానికి ఒక గంట ముందు, ఒక గంట తరువాత టీ, కాఫీలు మానవలసిందని స్పష్టంగా చెప్పినవి. 150 మి.లీ. తేనీటిలో 30 నుండి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుందనీ, రోజు మొత్తం మీద కెఫీన్ 300 మిల్లీగ్రాములకు మించరాదనీ కూడ అందులో ఉన్నది.

"అయితే టీ మానేయమంటారా?" అని మా శ్రీమతి దిగులుగా అడిగింది. నలభై ఏళ్ళ అలవాటును ఒక్కనాడు త్రెంచివేయడం ఎవరికైనా కష్టమే. అందుకే మేమొక ఒప్పందానికి వచ్చాము. రోజుకు నాలుగు గ్లాసులకు బదులు రెండే కప్పులు. అవి కూడ భోజనానికి దూరంగా. తగ్గించిన దానికి పరిహారంగా మంచి ఆకు తెచ్చి, దానిని సరిగ్గా తయారుచేసే బాధ్యత నాది.

క్వాథము, ఫాంటము

చరక, సుశ్రుత సంహితలలో తేయాకు ప్రస్తావన లేదు. కాని ఆకునుండి సారాన్ని నీటిలోకి దింపే విధానాలను మన వైద్యశాస్త్రం ఏనాడో వర్గీకరించింది. శార్ఙ్గధర సంహితలో స్వరసము, కల్కము, క్వాథము, హిమము, ఫాంటము అని ఐదు విధాలు చెప్పబడినవి. ద్రవ్యాన్ని నీటిలో వేసి, నీరు బాగా ఇగిరేవరకు మరిగించేది క్వాథము. దీనినే మనం కషాయం అంటాము. గట్టి వేళ్ళకు, బెరళ్ళకు ఇది తగిన పద్ధతి. వేడినీటిని ద్రవ్యం మీద పోసి, కొంతసేపు ఉంచి వడగట్టేది ఫాంటము. సుగంధం గల సుకుమారమైన ద్రవ్యాలకు ఇది అనుకూలం. చన్నీటిలో రాత్రంతా నానబెట్టేది హిమము.

తేయాకు చిగురుటాకు. దానికి యోగ్యమైనది ఫాంటము. మనం చేస్తున్నదేమో క్వాథము! ఆకును పది నిమిషాలు కుతకుత మరిగిస్తే సువాసన ఆవిరిలో పోతుంది. వగరు, చేదు మాత్రం నీటిలో మిగులుతాయి. ఆ వగరును కప్పడానికి పాలు, ఆ చేదును కప్పడానికి పంచదార! ఈ విధంగా రోజుకు నాలుగు గ్లాసులు త్రాగేవారు తమకు తెలియకుండానే ఎనిమిది చెంచాల పంచదార తింటున్నారు. హైదరాబాదు ఇరానీ చాయ్ రుచి వేరు, దాని తయారీ వేరు; దానిని ఎప్పుడో ఒకనాడు సరదాగా త్రాగవచ్చును. నిత్యసేవనానికి ఫాంటమే మేలు.

ఒకే మొక్క, పలు రుచులు

తెల్ల తేయాకు, గ్రీన్ టీ, ఊలాంగ్, నల్ల తేయాకు వేర్వేరు మొక్కలనుండి వస్తాయని చాలామంది భావిస్తారు. అది పొరపాటు. అన్నీ కామెల్లియా సైనెన్సిస్ అనే ఒకే జాతి మొక్క చిగుళ్ళు. తేడా అంతా కోసిన తరువాత జరిగే ప్రక్రియలో ఉన్నది. కోసిన వెంటనే ఆవిరితోగాని, వేడి బాణలిలోగాని వేడిచేస్తే రంగు మారకుండా గ్రీన్ టీ అవుతుంది. వాడ్చి, నలిపి, గాలి తగిలి పూర్తిగా రంగు మారనిస్తే నల్ల తేయాకు. మధ్యలో ఆపితే ఊలాంగ్. లేతమొగ్గలను నలపకుండా వాడ్చి ఆరబెడితే తెల్ల తేయాకు. కోసిన జామకాయ ముక్క గాలికి గోధుమరంగు తిరగడం అందరూ చూసినదే. ఇదీ అటువంటి మార్పే.

మన ఇళ్ళలో వాడే గుండ్రని గుళికలు సీటీసీ యంత్రంలో నలిగి, చిరిగి, చుట్టుకొన్నవి. పొడి రకం ఇంకా మెత్తన. ఇవి త్వరగా, చిక్కగా దిగుతాయి. పాలతో కలిపేందుకు తయారైనవి. ఆకు ఆకుగా ఉండే రకాన్ని ఆర్థడాక్స్ అంటారు. ఇది నెమ్మదిగా దిగుతుంది, వాసన నిలుపుకొంటుంది.

మేము పరీక్షకు నాలుగు రకాలు తెప్పించాము: డార్జిలింగ్ తొలికోత, అస్సాం ఆర్థడాక్స్, నీలగిరి ఆర్థడాక్స్, హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా గ్రీన్ టీ. ఒక్కొక్కటి 50 గ్రాములు చాలును. ధర ఎక్కువే, కాని కప్పుకు పట్టేది 2 గ్రాములే కనుక, పాలు, పంచదార ఖర్చు కూడ లేదు కనుక, నెలసరి ఖర్చు పెద్దగా పెరగలేదు.

రుచి చూచే విధానం

తేనీటి రుచి పరీక్షకు 1980లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉన్నది. దాని ప్రకారం 100 మి.లీ. మరిగిన నీటికి 2 గ్రాముల ఆకు వేసి 6 నిమిషాలు ఉంచుతారు. అది ఆకులోని లోపాలను బయటపెట్టడానికి. త్రాగడానికి అంత గాఢత అక్కరలేదు. ఇంట్లో ఈ క్రింది విధంగా చేయవచ్చును.

ఒకే కొలతగల నాలుగు పింగాణీ కప్పులు తీసుకోవలెను. ఒక్కొక్కదానిలో 2 గ్రాముల ఆకు వేయవలెను. పెద్ద ఆకు అయితే నిండు చెంచా, ముక్కల ఆకు అయితే తలగొట్టిన చెంచా. పైన 150 మి.లీ. వేడినీరు పోసి, సాసరు మూతపెట్టి, వేళ చూసుకొని వడగట్టవలెను.

అస్సాం: బాగా మరిగిన నీరు, 3 నుండి 4 నిమిషాలు. ఎర్రని రంగు, నిండైన రుచి. పాలు కలిపినా తట్టుకొంటుంది.

నీలగిరి: మరిగిన నీరు, 3 నిమిషాలు. నిర్మలమైన రంగు, పరిమళం, వగరు తక్కువ. నిమ్మరసానికి బాగా ఒదుగుతుంది.

డార్జిలింగ్ తొలికోత: ఫిబ్రవరి చివరినుండి ఏప్రిల్ వరకు కోసే ఆకు. 85 నుండి 90 డిగ్రీల నీరు, 3 నిమిషాలు. లేత రంగు, పూలవాసన. పాలు పోస్తే వృథా.

గ్రీన్ టీ: 75 నుండి 80 డిగ్రీల నీరు, 2 నిమిషాలు. మరిగే నీరు పోస్తే చేదెక్కుతుంది. "గ్రీన్ టీ చేదండీ, త్రాగలేము" అనేవారిలో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

ఉష్ణమాపకం లేకపోతే చింత లేదు. మరిగిన నీటిని ఒక చల్లని గిన్నెలోకి మారిస్తే సుమారు పది డిగ్రీలు తగ్గుతుంది. రెండుసార్లు మారిస్తే గ్రీన్ టీకి సరిపోతుంది.

ముందుగా తడిసిన ఆకును వాసన చూడవలెను. తరువాత చెంచాడు తేనీటిని, కాస్త చల్లారిన పిదప, చప్పుడు వచ్చేటట్లు గాలితోపాటు జుర్రవలెను. పెద్దలు చిన్ననాడు తప్పని నేర్పిన పని ఇక్కడ ఒప్పు! అలా చేస్తే పరిమళం ముక్కు వెనుకకు చేరి రుచి పూర్తిగా తెలుస్తుంది. మన షడ్రసాలలో దీనిలో ముఖ్యంగా తెలిసేవి తిక్తము, కషాయము. నాలుక మొదట తీపిని, పిదప చేదును, చివర వగరును ఎంతెంత పట్టినదో కాగితం మీద వ్రాసుకొంటే నాలుగు వారాలలో మీ రుచి మీకే తెలుస్తుంది.

మొదటి ఆదివారం మా అమ్మ డార్జిలింగ్ కప్పు ఒక్క గుక్క త్రాగి, "ఇదేం టీరా! బియ్యం కడిగిన నీళ్ళలా ఉంది" అని కప్పు ప్రక్కన పెట్టేసింది. మా శ్రీమతికి నీలగిరి నచ్చింది. అయితే మూడో వారానికి ఆమె, "ఏమండీ, పంచదార లేదన్న సంగతే మరచిపోయానండీ" అన్నది. అది నాకు ఏ పరీక్షా ఫలితంకన్న తక్కువ సంతోషం కలిగించలేదు.

నీరు, నిలువ, కల్తీ

తేనీటిలో అధికభాగం నీరే. బోరు నీరు కఠినంగా ఉంటే పైన తెట్టు కట్టి, రంగు మందగించి, రుచి చప్పబడుతుంది. వడపోసిన మెత్తని నీరు వాడి చూడండి. నల్గొండ, ప్రకాశం వంటి జిల్లాలలో భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువన్న సంగతి తెలిసినదే. తేయాకు మొక్క కూడ నేలలోని ఫ్లోరైడును ముదురాకుల్లో కూడబెట్టుకొంటుంది. కనుక అటువంటి బోరు నీరు వాడేవారు చిక్కని తేనీటిని బాగా తగ్గించవలెను.

ఆకును గాలి చొరని డబ్బాలో, వెలుతురు తగలకుండా ఉంచవలెను. ఇంగువ, మసాలా, అగరువత్తులు, కర్పూరం ఉన్న అలమరలో పెట్టరాదు. తేయాకు ఇతర వాసనలను ఇట్టే పీల్చుకొంటుంది.

కొత్త ఆకు తెచ్చినప్పుడు చన్నీటి గ్లాసులో చిటికెడు వేయండి. మంచి ఆకు రంగు నెమ్మదిగా దిగుతుంది. వేసిన వెంటనే ఎర్రని చారలు దిగితే రంగు కలిపారని అనుమానించవలెను. తడిపిన వడపోత కాగితం మీద ఆకును పరచి, తరువాత కడిగి చూసినా రంగు మరకలు బయటపడతాయి.

కొన్ని జాగ్రత్తలు

ఇనుము మాత్ర వేసుకొనేవారు దానికి ముందూ వెనుకా తేనీరు త్రాగరాదు. నిమ్మరసం, ఉసిరి వంటి విటమిన్ సి గల పదార్థాలు ఇనుము ఒంటబట్టేందుకు సహాయపడతాయి. రక్తహీనతకు అనేక కారణాలు ఉంటాయి. తేనీరు మానితే చాలునని పరీక్షలు మానరాదు. నిద్రలేమి గలవారు మధ్యాహ్నం తరువాత త్రాగకపోవడం మంచిది. పరగడుపున త్రాగితే కొందరికి కడుపులో మంట, వికారం కలుగుతాయి. గర్భిణులు ఎంత త్రాగవచ్చునో వైద్యులను అడగవలెను. నాలుక కాలేటంత వేడిగా త్రాగరాదు. 65 డిగ్రీలకు మించిన పానీయాలు అన్నవాహిక క్యాన్సరుకు దారితీసే అవకాశం ఉన్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో హెచ్చరించింది. గ్రీన్ టీతోనే స్థూలకాయం కరిగిపోతుందన్న ప్రచారాన్ని నమ్మి మోసపోవద్దు.

సాయంత్రం మూడో కప్పు కోసం మనసు లాగితే తులసి ఆకులు, చిన్న అల్లం ముక్క మీద వేడినీరు పోసి ఐదు నిమిషాలు మూతపెట్టి త్రాగుతున్నాము. అందులో కెఫీన్ లేదు.

మాత్ర వేళ మార్చి, తేనీటి వేళ మార్చిన ఐదు నెలలకు మా శ్రీమతి హిమోగ్లోబిన్ 11.9కి చేరింది. మాత్రలు అవే, మోతాదు అదే. ఇప్పుడు మా ఇంట్లో ఉదయం పదిన్నరకు ఒక కప్పు, సాయంత్రం నాలుగుకు ఒక కప్పు. మా అమ్మ మాత్రం ఇంకా పాల టీయే త్రాగుతుంది. అయితే ఆమె కూడ భోజనానికి గంట దూరం పాటిస్తున్నది. మీ ఇంట్లో ఎవరైనా నీరసమంటుంటే, వారు మాత్రను దేనితో మింగుతున్నారో ఈరోజే ఒక్కసారి అడిగి చూడండి.