ఆనప మొలకకు ఎర్ర పెంకు పురుగు గండం

సీతమ్మధార రైతుబజారుకు ఆనప, బీర, దోస, గుమ్మడి తెచ్చే రైతు సోదరులకు ఎర్ర పెంకు పురుగును కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. 6 నుంచి 8 మిల్లీమీటర్ల పొడవు, నారింజ ఎరుపు రంగు. గింజ మొలిచి రెండాకులు విప్పిందో లేదో ఎక్కడినుంచో వచ్చి వాలుతుంది. ముదిరిన పాదు నాలుగాకులు పోయినా తట్టుకుంటుంది. మొలక అలా కాదు. ఆ రెండు మొలకాకులూ తినేస్తే మళ్లీ గింజ కొనాల్సిందే. అందుకే తొలి మూడు వారాలే అసలు కాపలా.

గుమ్మడి జాతి మొక్కల్లో ఒక చేదు పదార్థం ఉంటుంది. చాలా పురుగులు దానికి దూరంగా పోతాయి, ఇది మాత్రం ఆ చేదునే వెతుక్కుంటూ వస్తుంది. ఆకుమీద ముందు గుండ్రంగా గాటు పెట్టి, రసం రాకుండా చేసుకుని, తర్వాత లోపలి భాగం తింటుంది. ఆకుల్లో గుండ్రటి కంతలు కనిపిస్తే దీని పనే. తమాషా ఏమిటంటే, కాకర జోలికి అంతగా పోదు. కాకర చేదు వేరు!

పైన కనిపించేది సగం నష్టమే. తల్లి పురుగు మొదలు దగ్గర తడి మట్టిలో గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగులు వేళ్లను, నేలకు ఆనిన కాయలను తొలుస్తాయి. తీగ ఉన్నట్టుండి వాడితే మొదలు తవ్వి చూడండి. కాయల కింద గడ్డి పరవండి, వీలుంటే పందిరి వేయండి.

తెల్లవారుజామున పురుగు మందకొడిగా ఉంటుంది. కిరోసిన్ కలిపిన నీళ్ల గిన్నెలోకి అప్పుడే ఏరి పడేయండి. ఎండెక్కితే చెయ్యి పెట్టేలోగా ఎగిరిపోతుంది. పది సెంట్ల పాదుకు ఇంట్లో ఇద్దరు చాలు. మంచు తడి ఉండగానే ఆకుల మీద బూడిద చల్లండి. వాన పడితే మళ్లీ చల్లాలి. 5 శాతం వేపగింజల కషాయమూ పనికొస్తుంది. మచ్చలున్న అక్షింతల పురుగులు పేనుబంకను తింటుంటే మాత్రం చంపకండి. పంట అయ్యాక తీగలు పీకి లోతుగా దున్నితే మట్టిలో దాగినవి ఎండకు చస్తాయి, మిగిలినవి కాకులు ఏరుకుంటాయి.

ఒకప్పుడు దీనికి కార్బరిల్ పొడి చెప్పేవారు. 2018 ఆగస్టులో కేంద్రం దాన్ని నిషేధించింది. పాత పొట్లం అటక మీద ఉన్నా వాడకండి. గంధకం పొడి ఈ జాతి ఆకులను మాడుస్తుంది, అదీ వద్దు. తప్పనిసరై వేరే మందు కొట్టాల్సి వస్తే, ఆ పంట పేరు డబ్బా మీద ఉందో లేదో చూసుకోండి. కాపు మొదలయ్యాక అయితే, డబ్బా మీద రాసిన గడువు తీరేదాకా కాయ కోయకండి.